కిటికీలోంచి రైలు, కట్టమీంచి రైలు

ఈ మధ్య ఒక సాహిత్య శిక్షణ తరగతుల్లో సినిమా గురించి మాట్లాడవలసి వచ్చింది. ప్రసంగం అయ్యాక ఒక విద్యార్థిని లేచి, "సినిమాలో రైలు కనిపిస్తే చాలు, మనసు అటు లాగేస్తుంది. కథ మరిచిపోయినా ఆ రైలు మాత్రం గుర్తుండిపోతుంది. ఎందుకు సార్?" అని అడిగింది. సినిమాకు రైలు పెద్దన్న లాంటిది, రెండూ కదలిక మీదే బతుకుతాయి అని అప్పటికి తోచిన జవాబు చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆ అమ్మాయి అడిగింది నిజమైన ప్రశ్న. నేను చెప్పింది సగం జవాబు. మిగతా సగం చెప్పుకోవడానికే ఈ వ్యాసం.

నేను కాజీపేటలో రైల్వే క్వార్టర్లలో పెరిగినవాణ్ణి. మా బాపు ఆవిరి ఇంజను మీద ఫైర్‌మన్. కాబట్టి ఈ విషయంలో నాకు పక్షపాతం ఉంది. దాన్ని దాచుకోకుండా మొదలుపెడుతున్నాను.

1

ముందు ఆ సగం జవాబునే కాస్త పరీక్షించి చూద్దాం. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి తమ చిత్రాలను చూపారు. కొద్ది వారాలకే, 1896 జనవరిలో, లా సియోటా స్టేషనులోకి రైలు వచ్చి ఆగే చిత్రం జనం ముందుకు వచ్చింది. నిమిషం కూడా నిండని బొమ్మ అది. తెరమీది రైలు తమ మీదికే వస్తోందని ప్రేక్షకులు బెదిరి లేచి పరుగెత్తారని ఒక కథ చాలాకాలం ప్రచారంలో ఉంది. సినిమా చరిత్రకారులు ఇప్పుడు దాన్ని అంతగా నమ్మడం లేదు. అయినా ఆ కథ అంతకాలం నిలిచిందంటే, రైలుకూ తెరకూ మధ్య ఏదో బంధం ఉందని జనం ముందునుంచీ అనుకుంటూనే వచ్చారన్నమాట.

అదే సంవత్సరం జులై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్లో మనదేశంలో మొదటి ప్రదర్శన జరిగింది. ఆనాడు చూపిన ఆరు చిత్రాల్లో ఈ రైలు ఒకటి. ఇంకొకటి, ఫ్యాక్టరీ గేటులోంచి కార్మికులు బయటికి వచ్చే చిత్రం. ఈ సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి. మనదేశంలో సినిమా పుట్టిన రోజునే రైలూ కార్మికులూ ఒకే తెరమీద పక్కపక్కన కనిపించారు. తర్వాత రైలు తెరమీద నిలదొక్కుకుంది. కార్మికులు క్రమంగా తెరచాటుకు పోయారు.

రైలు ఎందుకు నిలదొక్కుకుంది? రైలు కిటికీ పక్కన కూర్చున్నవాడి స్థితి సినిమా హాల్లో కూర్చున్నవాడి స్థితిని పోలి ఉంటుంది. టిక్కెట్టు కొని ఒక చోట కూర్చుంటాడు. తాను కదలడు, లోకం కదులుతుంది. చెరువు పోయి గుట్ట వస్తుంది, గుట్ట పోయి ఊరు వస్తుంది. ఆ ఊరి మంచిచెడ్డలతో అతనికి పనిలేదు. చూడటానికి సరిపడా సేపు కనిపించి, బాధ్యత పుట్టేలోగా జారిపోతుంది. ఈ బాధ్యతలేని చూపులో గొప్ప సుఖం ఉంది. మన మధ్యతరగతి మనసుకు రైలు దృశ్యం అంత ఇష్టం కావడానికి మొదటి కారణం ఈ సుఖమేనని నా అభిప్రాయం.

వ్యాపార సినిమా ఈ సుఖాన్ని బాగా కనిపెట్టింది. 1969 నాటి 'ఆరాధన'లో డార్జిలింగు చిన్నరైలు కిటికీలో నాయిక, పక్కనే జీపులో నాయకుడు. రైలు అక్కడ ప్రేమకు అలంకారం. 1995 నాటి 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే'లో కదిలే బండి తలుపు దగ్గర నుంచి చాచిన చెయ్యి దేశమంతటికీ తెలిసిన బొమ్మ అయింది. 1982లో బాలు మహేంద్ర తీసిన సినిమా, తెలుగువాళ్లకు 'వసంత కోకిల'గా తెలిసినది, ఒక స్టేషనులోనే ముగుస్తుంది. బండిలో ఉన్న అమ్మాయికి అతనెవరో జ్ఞాపకం లేదు, అతను వానలో కోతి చేష్టలు చేసి గుర్తుచేయాలని చూస్తాడు, బండి కదిలిపోతుంది. చూసిన ప్రతివాడికీ గొంతు పట్టేసే దృశ్యం అది.

ఇవన్నీ పనికిమాలినవని కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. అలా కొట్టిపారేసే విమర్శ మనలో ఒకప్పుడు ఎక్కువగానే ఉండేది. దానివల్ల ప్రేక్షకుడు మనకు దూరమయ్యాడే గాని సినిమా మారలేదు. 'పాకీజా' (1972) సంగతి చూడండి. రైలు పెట్టెలో నిద్రపోతున్న నాయిక కాళ్ల దగ్గర ఒక అపరిచితుడు చీటీ పెట్టి దిగిపోతాడు. ఆ తర్వాత కోఠా గోడల మధ్య ఉండిపోయిన ఆమెకు రాత్రిపూట దూరాన వినిపించే రైలు కూత ఒక పిలుపు అవుతుంది. శరీరాన్ని సరుకు చేసే ఇంట్లో బందీ అయిన స్త్రీకి ఆ కూత విముక్తికి గుర్తు. శృంగార కథలోనే ఒక సామాజిక సత్యం దూరింది. రైలు ఆకర్షణలో రెండో కారణం ఇదే. ఉన్నచోటే ఉండి చచ్చిపోవలసినవాళ్లకు అది 'ఇక్కణ్ణుంచి పోవచ్చు' అని చెబుతుంది. భూస్వామ్య సమాజంలో పుట్టిన ఊరే జైలు అయినవాళ్లు ఎందరో. వాళ్లకు ఆ మాట చిన్నది కాదు.

ఇంతవరకూ చెప్పింది బండి లోపలివాళ్ల సంగతి, బండి ఎక్కాలనుకునేవాళ్ల సంగతి. బండికి బయట కట్టమీద నిలబడ్డవాళ్ల మాటేమిటి?

2

1979లో వరంగల్లులో ఒక ఫిల్మ్ సొసైటీవాళ్లు 'పథేర్ పాంచాలీ' వేశారు. నేను అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. బాపుకు ఆ రోజు డ్యూటీ లేదు. "రైలు సినిమా" అని ఆశపెట్టి తీసుకుపోయాను.

1955లో సత్యజిత్ రాయ్ తీసిన ఆ సినిమాలో ఆ దృశ్యం ఎరగని సాహిత్య విద్యార్థి ఉండడు. తెల్లగా పూసిన రెల్లుపొద. అక్కాతమ్ముళ్లు దుర్గ, అపు. తీగల స్తంభానికి చెవి ఆనించి ఆ రొద వింటారు. దూరాన ఇంజను చప్పుడు. ఇద్దరూ పరుగెత్తుతారు. దుర్గ దారిలో తూలిపడుతుంది. అపు ఒక్కడే కట్టదాకా చేరుకుంటాడు. అప్పుడు కెమెరా పట్టాలకు అవతలి వైపుకు వెళుతుంది. మనకూ ఆ పిల్లవాడికీ మధ్య చక్రాలు దొర్లిపోతాయి. రెల్లుపూల తెలుపు మీద నల్లటి పొగ సాగిపోతుంది. హాలంతా నిట్టూర్చింది. నేనూ నిట్టూర్చాను.

పక్కన బాపు మెల్లగా అన్నాడు: "గంత నల్లపొగ పోతున్నదంటే బొగ్గు సక్కగ కాలుత లేదన్నట్టు బిడ్డా. అట్ల పోనిస్తే ఫైర్‌మన్‌కు సిగ్గు. ఎవడో కావాలని పారలకు పారలు ఏపిచ్చిండు."

నాకు చిరాకు వేసింది. ప్రపంచం మెచ్చిన దృశ్యంలో ఈయనకు కనిపించింది ఇదా అనుకున్నాను. ఆ చిరాకు నా చదువు నాకు నేర్పిన అహంకారమని తెలుసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. రాయ్ తన షూటింగ్ అనుభవాలు రాసుకున్న వ్యాసాలు తర్వాతెప్పుడో చదివాను. తెల్లటి పూలకు ఎదురుగా నల్లపొగ కావాలి కాబట్టి తమ మనిషి ఒకణ్ణి ముందే ఇంజనులోకి ఎక్కించి, సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి బొగ్గు వేయించే ఏర్పాటు చేసుకున్నామని ఆయన చెప్పుకున్నాడు. ఏ సినిమా పుస్తకమూ చదవని బాపు తెరమీది పొగ రంగు చూసి ఆ సంగతి పట్టేశాడు.

ఇది రాయ్ మీద ఫిర్యాదు కాదు. తెలుపు పక్కన నలుపు కావాలనుకోవడం శిల్పి హక్కు, ఆ దృశ్యం అందుకే నిలిచింది. నేను చెప్పదలచుకున్నది వేరు. మనం అందం అని పిలిచిన ఆ పొగ వెనుక, నిప్పుల గది ముందు నిలబడి పార ఎత్తిన ఒక మనిషి ఉన్నాడు. అతనెవరో మనకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించదు. ఒక నిర్మాణం కనిపిస్తే దాని వెనుక చేతులెవరివని అడగడం శ్రీశ్రీ మనకు అలవాటు చేశాడు. తెరమీది రైలు దగ్గర మాత్రం ఆ ప్రశ్న మరిచిపోతాం. రైలు ఎంత బరువుదో అంత బరువు శ్రమను అది కంటికి కనబడకుండా చేస్తుంది. ఊరు నిద్రపోయాక తలుపు తట్టి డ్యూటీకి లేపే కాల్‌బాయ్, ఎండకు కాలే పట్టా పక్కన సుత్తి పట్టుకుని నడిచే గ్యాంగ్‌మన్, వానలో లాంతరు పట్టుకున్న పాయింట్స్‌మన్, వీళ్లెవరూ కిటికీలోంచి కనపడరు. కనపడినా అర క్షణం.

సినిమా అయ్యాక బస్టాండుకు నడుస్తున్నాం. దుర్గ చచ్చిపోవడం, ఆ కుటుంబం ఎడ్లబండి మీద ఊరు విడవడం ఆయన్ను బాగా కలచినట్టుంది. చాలాసేపటికి ఒక్క మాట అన్నాడు: "ఆ పిల్ల ఒక్కసారన్న బండెక్కలే గద."

ఆ రోజు నేను విన్న విమర్శ మొత్తం ఈ రెండు మాటలే. ఒకటి శిల్పం గురించి, రెండోది వస్తువు గురించి. ఆ సినిమా మీద ఆ తర్వాత నేను చదివిన చాలా పేజీలు ఈ రెండు మాటలకు వ్యాఖ్యానంలా అనిపించాయి.

బిభూతిభూషణ్ బందోపాధ్యాయ నవల (1929)లో దుర్గ రైలును చూడాలని కోరుకుంటూనే చనిపోతుంది. రాయ్ ఆమెను కట్టవైపు పరుగెత్తించాడు గాని బండి ఎక్కించలేదు. పేదపిల్లకు రైలు అందేది అంతవరకే. 1853లోనే మార్క్స్ ఇండియా మీద రాస్తూ, పాలకులు తమ లాభం కోసం వేసే రైలుమార్గాలు ఇక్కడ ఆధునిక పరిశ్రమకు దారితీస్తాయన్నాడు. అయితే ఆ ఫలాలు ప్రజల చేతికి రావాలంటే అధికారం మారాలని కూడా అదే వ్యాసంలో హెచ్చరించాడు. ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న దూరమే దుర్గకూ రైలుకూ మధ్య ఉన్న దూరం.

అపు ఆ దూరం దాటాడు. దాటాక ఏమైంది? 'అపరాజితో' (1956)లో కెమెరా బండి లోపలికి వస్తుంది. కుర్రవాడు చదువుకోసం కలకత్తా పోతాడు. పల్లెలో తల్లి సర్వజయ సాయంత్రాలు చెట్టుకింద కూర్చుని దూరాన పోయే రైలు వైపు చూస్తూ, కొడుకు రాకకోసం ఎదురుచూస్తూ కన్నుమూస్తుంది. 'అపూర్ సంసార్' (1959)లో అపు కాపురం పెట్టిన గది రైలు పట్టాల పక్కనే. కూత వినిపిస్తే భార్య అపర్ణ చెవులు మూసుకుంటుంది. ఆమె పోయాక అపు చావడానికి అదే పట్టాల పక్కన నిలబడతాడు. చివరికి కొడుక్కి ఆటబొమ్మ రైలు తెచ్చిస్తే ఆ పసివాడు దాన్ని విసిరికొడతాడు. మూడు సినిమాల్లో ఒకే రైలు వింతగా మొదలై, వియోగమై, భారమై, ఒక బిడ్డ తిప్పికొట్టిన బొమ్మగా మిగిలింది. రైలును అలంకారంగా వాడేవాళ్లకూ రాయ్‌కూ తేడా ఇక్కడ ఉంది. రైలు ఇచ్చిన వాగ్దానాన్ని ఆయన చూపాడు, దానికి చెల్లించిన ఖరీదునూ లెక్కగట్టి చూపాడు.

3

దేశవిభజన ఈ వాగ్దానాన్ని ఇంకా క్రూరంగా పరీక్షించింది. ఋత్విక్ ఘటక్ 'కోమల్ గాంధార్' (1961) ప్రజానాట్య ఉద్యమంలోని చీలికల గురించిన సినిమా. మన సంస్థలు చీలిన చరిత్ర తెలిసిన పాఠకులు దాన్ని తప్పక చూడాలి. అందులో నాయికా నాయకులు పద్మానది ఒడ్డున నిలబడతారు. అవతల తాము పుట్టిన గడ్డ, ఇప్పుడు పరదేశం. ఒకప్పుడు అటు తీసుకుపోయిన పట్టా ఇప్పుడు నది దగ్గర అడ్డుకట్టతో ఆగిపోయింది. కెమెరా ఆ పట్టా వెంట వేగం పెంచుకుంటూ దూసుకుపోయి, అడ్డుకట్ట దగ్గర ఒక్కసారిగా తెర నల్లబడుతుంది. అక్కడ రైలు లేదు, ప్రయాణికుడు లేడు. రాజ్యం తెంచిన దారి ఒక్కటే ఉంది. రైలు కనబడకుండానే రైలు గురించి అంత బలంగా చెప్పిన దృశ్యం నేను మరొకటి చూడలేదు.

ఎం.ఎస్. సత్యు 'గరం హవా' (1973) స్టేషనులో మొదలవుతుంది. ఇస్మత్ చుగ్తాయ్ కథ ఆధారంగా కైఫీ ఆజ్మీ, షమా జైదీ రాసిన చిత్రం. మన అభ్యుదయ ఉద్యమం సినిమాకు ఇచ్చిన మంచి కానుకల్లో ఒకటి. ఆగ్రాలో చెప్పులు చేయించి అమ్ముకునే సలీం మీర్జా, బల్‌రాజ్ సహానీ గొప్పగా ధరించిన పాత్ర, పాకిస్తాన్ పోయే తనవాళ్లను ఒక్కొక్కరినీ బండెక్కించి వస్తుంటాడు. ఇవాళ ఎవరిని సాగనంపారని టాంగావాడు అడుగుతాడు. ప్రతి బండీ ఆ ఇంటినుంచి ఒకరిని కోసుకుపోతుంది. చివరికి మీర్జా కూడా ఓడిపోయి, భార్యనూ కొడుకునూ తీసుకుని స్టేషనుకు బయల్దేరుతాడు. దారిలో ఉద్యోగాలు అడుగుతూ ఊరేగింపు ఎదురవుతుంది. కొడుకు దిగి అందులో కలుస్తాడు. తండ్రి కూడా టాంగా వెనక్కి తిప్పమని భార్యను ఇంటికి పంపి తాను జనంలో కలుస్తాడు. బండి దొరకక ఆగిపోవడం వేరు, ఎక్కకూడదని నిర్ణయించుకోవడం వేరు. 'పోవచ్చు' అనే రైలు ఆకర్షణను 'ఉంటాను, కొట్లాడతాను' అనే మాట గెలవడం మన సినిమాలో ఇంత సహజంగా జరిగిన సందర్భాలు తక్కువ.

4

ఇక రైలు నడిపేవాళ్ల సంగతి. అవతార్ కౌల్ '27 డౌన్' 1974లో వచ్చింది. ఆయనకు అదే మొదటి సినిమా, అదే చివరిది. ఆ ఏడే చనిపోయాడు. చిత్రకారుడు కావాలనుకున్న సంజయ్ తండ్రి మాట మీద టిక్కెట్ కలెక్టరు అవుతాడు. బతుకంతా బండ్లలో తిరుగుతూ ఎక్కడికీ చేరడు. ఎ.కె. బీర్ ఛాయాగ్రహణంలో ఒక దృశ్యం ఉంది. బొంబాయి విక్టోరియా టెర్మినస్ ప్లాట్‌ఫారం ఖాళీగా కనిపిస్తుంది, లోకల్ వచ్చి ఆగగానే క్షణాల్లో తలలతో నిండిపోతుంది. మహానగరం మనుషులను ఎలా మింగి ఎలా కక్కుతుందో ఆ ఒక్క దృశ్యం చెబుతుంది. రైలు ఉద్యోగి దైనందిన జీవితంలోని విసుగును కథానాయకుడి స్థానంలో కూర్చోబెట్టిన సినిమాగా దానికి ప్రత్యేక స్థానం ఉంది. అయితే అతని విసుగు ఒంటరి మనిషి విసుగుగానే ఉండిపోయింది.

అదే 1974లో, మే 8 నుంచి 27 దాకా, సుమారు 17 లక్షల మంది రైల్వే కార్మికులు సమ్మె చేశారు. పని గంటలకు ఒక హద్దు ఉండాలన్నది వాళ్ల ప్రధాన కోరికల్లో ఒకటి. వేలమందిని అరెస్టు చేశారు. కుటుంబాలను క్వార్టర్లనుంచి వెళ్లగొట్టిన చోట్లున్నాయి. ఆ 20 రోజులూ మా బాపు ఇంట్లో పడుకోలేదు. మా అమ్మ రాత్రుళ్లు కూత వినిపిస్తే లేచి కూర్చునేది, బండి ఎవరు నడుపుతున్నారో అని. ఆ రోజుల్లో కూతకు మా ఇంట్లో ఉన్న అర్థం 'పాకీజా'లో లేదు, 'అపూర్ సంసార్'లోనూ లేదు. నేను చూసిన కథాచిత్రాల్లో ఆ సమ్మెను నడిమధ్య పెట్టుకున్నది ఒక్కటీ లేదు. మరుసటి ఏడు వచ్చిన 'షోలే'లో రైలు మీద దొంగలతో పోరాటం దేశమంతా చూసింది. 1983లో 'కూలీ' వచ్చింది. అందులో స్టేషను కూలీ నాయకుడు, సమ్మె కూడా ఉంది. కానీ ఆ ఎర్రచొక్కా నాయకుడి దుస్తులైందే గాని, బరువు మోసే మెడ నొప్పి కథలోకి రాలేదు.

ప్రతి సినిమాలోనూ ఫైర్‌మన్‌ను చూపాలా, అది కళకు సంకెళ్లు వేయడం కాదా అని కొందరు మిత్రులు అడుగుతారు. అలా చూపాలని నేననడం లేదు. 'కోమల్ గాంధార్' దృశ్యంలో కార్మికుడు లేడు, అయినా అది మన పక్షాన నిలబడింది. కావలసింది నిలబడే చోటు. కిటికీ దగ్గర కూర్చున్నా, కట్టమీద ఎవరో ఉన్నారన్న ఎరుక కళాకారుడికి ఉండాలి. ఆ ఎరుక లేని రైలు ఎంత అందమైనదైనా ప్రకటన బొమ్మ అవుతుంది.

ఈ ఎరుక ఇవాళ ఎందుకు కావాలో ఒక తేదీ చెబుతుంది. 2020 మే 8 తెల్లవారుజామున, అప్పటి ఔరంగాబాద్ దగ్గర కర్మాడ్ వద్ద, జాల్నా నుంచి ఇళ్లకు చేరాలని పట్టాల వెంట నడిచి అలసి అక్కడే నిద్రపోయిన 16 మంది వలస కార్మికుల మీదుగా గూడ్సుబండి పోయింది. లాక్‌డౌన్‌లో మామూలు ప్యాసింజరు బండ్లు ఆగిపోయిన రోజులవి. పట్టాల మధ్య చెల్లాచెదురుగా పడిన రొట్టెల ఫొటో మనమంతా చూశాం. సమ్మె మొదలైన రోజుకు సరిగ్గా 46 ఏళ్లు. దుర్గలాగే వాళ్లకూ బండి ఎక్కడం కుదరలేదు. కిటికీ చూపుకు అలవాటుపడ్డ దేశానికి పట్టా మీద పడుకున్న మనిషి కనపడేసరికి ఆలస్యమైపోయింది.

ఆ అమ్మాయి మళ్లీ కనిపిస్తే ఈ మిగతా సగం చెబుతాను. రైలు మనల్ని లాగడానికి కారణం, పోవాలన్న కోరిక మనందరిలో ఉంది కాబట్టి. అది గౌరవించవలసిన కోరిక. కానీ ఎవరు ఎక్కారు, ఎవరు ఎక్కలేదు, ఎవరి చెమటతో బండి కదిలింది అన్న మూడు ప్రశ్నలు ఆ కోరిక వెంట రావాలి. రచయితలం కాబోతున్నవాళ్లం ఆ పనుల పేర్లయినా నేర్చుకుని రాయడం మొదలుపెట్టాలి.

బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్ల కాలం 1995తో ముగిసింది. బాపు పోయి కూడా చాలా ఏళ్లయింది. పాత సినిమాల్లో ఆవిరిబండి కనిపిస్తే ఇప్పటికీ నా మనసు అటు లాగుతుంది. కాకపోతే ముందు పొగ ఏ రంగులో ఉందో చూస్తాను.